ఊరు దాటిన చదువు: దళిత విద్యార్థి ఒంటరితనం, ఆసరా

ఇల్లు వదిలి దూరం వెళ్లి చదువుకునే ఏ విద్యార్థికైనా మొదటి కొన్ని నెలలు కష్టంగానే ఉంటాయి. కొత్త ఊరు, కొత్త భాష, అలవాటులేని తిండి, తెలియని మనుషులు. యూనివర్సిటీల్లో దీన్ని 'సర్దుబాటు సమస్య' అంటుంటారు. కొన్నాళ్లు ఓపిక పడితే అదే పోతుందని చెబుతారు. చాలామంది విషయంలో అది నిజమే. అయితే దళిత విద్యార్థుల్లో చాలామందికి మొదటి ఏడాది గడిచాక కూడా ఆ కష్టం పోవడం లేదు. కొందరికి ఏడాదికేడాదికీ పెరుగుతోంది. చదువు మధ్యలో ఆపేసి ఊరికి తిరిగొచ్చినవాళ్లు మన పేటల్లో ఒకరిద్దరైనా కనిపిస్తారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రాణం పోతే పేపర్లో వార్త వస్తుంది. చదువు ఆగిపోతే రాదు. "చదవలేక వచ్చేశాడు" అన్న ఒక్క మాటతో ఊళ్లో ఆ కథ ముగిసిపోతుంది.

ఆ 'చదవలేక' అనే మాట లోపల ఏముందో విప్పి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. చదవలేకపోవడానికి కారణం ఆ పిల్లవాడి తెలివా, మనసు బలహీనతా, లేక అతని చుట్టూ ఉండాల్సిన ఆసరా లేకపోవడమా? ఆసరా అంటే ఏమిటి? అది అగ్రవర్ణ విద్యార్థికి ఎక్కడినుంచి వస్తోంది, మనకెక్కడ తెగిపోతోంది? కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు దీన్ని ఒక పద్ధతిగా అర్థం చేసుకోవలసిన అవసరం ఉందని మేము భావిస్తున్నాం.

సిద్ధాంతాలు ఏమంటున్నాయి?

పరాయి సంస్కృతిలోకి వెళ్లినవాళ్ల మానసిక స్థితిని వర్ణించడానికి 'కల్చర్ షాక్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన వాళ్లలో మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ ముఖ్యుడు. ఆయన వ్యాసం 1960లో అచ్చయింది. మనకు తెలియకుండానే రోజూ వాడే చిన్న చిన్న గుర్తులు, అంటే ఎవరిని ఎలా పలకరించాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏది మర్యాద, ఏది కాదు అనేవి కొత్తచోట పనిచేయకుండా పోవడంవల్ల ఆందోళన పుడుతుందని ఆయన వివరించాడు. తర్వాత 1970లో జాన్ బెర్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక సంస్కృతి మరో సంస్కృతితో తలపడినప్పుడు పుట్టే ఒత్తిడికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. దాన్ని మనం సాంస్కృతిక సర్దుబాటు ఒత్తిడి అనవచ్చు. కొత్తచోటికి వెళ్లినవాళ్ల ముందు నాలుగు దారులుంటాయని బెర్రీ చెప్పాడు: సొంతది వదిలేసి కొత్తదాంట్లో కలిసిపోవడం, కొత్తదానికి దూరంగా తమవాళ్లతోనే ఉండిపోవడం, రెండింటినీ నిలబెట్టుకోవడం, రెండింటికీ కాకుండా పోవడం. వీటిలో ఏ దారి దొరుకుతుందనేది వెళ్లినవాళ్ల ఇష్టం ఒక్కదానిమీదే ఆధారపడదు, రానిచ్చేవాళ్ల వైఖరిమీద కూడా ఆధారపడుతుంది అని ఆయనే అన్నాడు. మనకు కావలసింది ఈ చివరి మాట.

'సామాజిక ఆసరా' అన్న భావన గురించి 1976లో సిడ్నీ కాబ్ రాసిన వ్యాసం ప్రసిద్ధమైంది. ఆయన లెక్కలో ఆసరా అంటే మనిషికి మూడు నమ్మకాలు కలగడం. నన్ను ప్రేమించి పట్టించుకునేవాళ్లున్నారు. నాకు విలువ ఇచ్చేవాళ్లున్నారు. ఒకరికొకరు బాధ్యత పడే ఒక గుంపులో నేనూ ఒకణ్ణి. 1981లో జేమ్స్ హౌస్ దీన్ని ఇంకా పనికొచ్చేలా నాలుగు భాగాలు చేశాడు: మనసుకు ఆప్యాయత, చేతికి సాయం, దారి చెప్పే సమాచారం, చేసిన పని ఎలా ఉందో చెప్పే మాట. షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో అప్పటివరకూ జరిగిన అధ్యయనాలను కూర్చి చూశారు. కష్టం వచ్చినప్పుడు సమయానికి తగిన ఆసరా అందితే దాని దెబ్బ తగ్గుతుందన్న వాదనకు వాటిలో ఆధారం కనిపించింది.

ఇవి పనికొచ్చే భావనలే. అయితే వీటిని రాసినవాళ్ల కళ్లముందున్నది ఎక్కువగా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లినవాళ్లు, లేదా సాధారణంగా జీవితంలో కష్టాలు ఎదుర్కొంటున్నవాళ్లు. సొంత దేశంలో, సొంత రాష్ట్రంలో, సొంత భాష మాట్లాడేవాళ్ల మధ్యే పరాయివాడయ్యే మనిషి ఈ సిద్ధాంతాల్లో సరిగ్గా ఇమడడు.

విదేశం కాదు, స్వదేశమే పరాయిది

దీనికి అంబేద్కర్ జీవితమే మొదటి ఉదాహరణ. 1913లో ఆయన బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాడు. కల్చర్ షాక్ సిద్ధాంతం ప్రకారం ఆయనకు అక్కడ కష్టం రావాలి. కొద్దిగా వచ్చింది కూడా. మొదట దిగిన హాస్టల్ కుదరక కొంతమంది భారతీయ విద్యార్థులుండే క్లబ్బుకు మారాడు. తర్వాత నావల్ భథేనా అనే పార్సీ మిత్రుడితో కలిసి ఒకే గదిలో ఉన్నాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. తర్వాతి రోజుల్లో అంబేద్కర్‌కు డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు ఆదుకున్నవాళ్లలో భథేనా ఉన్నాడు. హౌస్ చెప్పిన ఆప్యాయత, చేతిసాయం రెండూ అక్కడ దొరికాయన్నమాట.

అసలు దెబ్బ తిరిగొచ్చాక తగిలింది. 1917లో ఉద్యోగం కోసం బరోడా వెళ్తే ఆయనకు ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాల్సి వచ్చింది. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయన్ని అక్కడినుంచి వెళ్లగొట్టింది. ఆ ఊళ్లో తనకు తెలిసిన ఇద్దరు మిత్రులను, ఒక హిందువును, ఒక క్రైస్తవుణ్ణి, ఆశ్రయం అడిగితే ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. యూరప్‌లో, అమెరికాలో గడిపిన కాలం తాను అంటరానివాణ్ణన్న స్పృహనే తన మనసులోంచి తుడిచేసిందని, బరోడాలో దిగగానే ఆ ప్రశ్న మళ్లీ ఎదురైందని అంబేద్కర్ తన అనుభవాల్లో రాసుకున్నాడు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆయనకు బరోడా సంస్కృతి తెలియక ఇబ్బంది రాలేదు. ఆ సంస్కృతి ఆయనకు పూర్తిగా తెలుసు, దానికి ఆయన ఎవరో కూడా తెలుసు. కాబట్టే ఇబ్బంది వచ్చింది. కల్చర్ షాక్ తెలియనితనం నుంచి పుడుతుంది, తెలిసేకొద్దీ తగ్గుతుంది. కులం వల్ల వచ్చే ఒత్తిడి తెలిసిపోవడం నుంచి పుడుతుంది. తోటివాళ్లకు నీ గురించి తెలిసేకొద్దీ అది పెరుగుతుంది. దళిత విద్యార్థి మొదటి సంవత్సరం కంటే రెండో సంవత్సరం ఎక్కువ ఒంటరి కావడానికి ఇదొక కారణం. "అలవాటు పడితే సరిపోతుంది" అనే సలహా ఇక్కడ పనిచేయదు.

ఒత్తిడి రోజువారీగా ఎలా పనిచేస్తుంది?

ఇంటిపేరుతో మొదలవుతుంది. ఊరిపేరు, ఊళ్లో ఏ వైపు ఇల్లు, నాన్న ఏం చేస్తాడు అనే వరసలో సాగుతుంది. ఐఐటీల్లో, మెడికల్ కాలేజీల్లో "ర్యాంకెంత?" అన్న ప్రశ్న ఈ పని చేస్తుంది. పైకి చదువు గురించిన ప్రశ్నే. జవాబు వినగానే అడిగినవాడికి కావలసిన సమాచారం అందుతుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనకపోవచ్చు. ప్రాజెక్టు గ్రూపులు చేసుకునేటప్పుడు మాత్రం ఆ పేరు మిగిలిపోతుంది.

రెండోది భాష. తెలుగు మీడియంలో చదివినవాడు ఇంగ్లీషులో పాఠం వినాలి, ఇంగ్లీషులో ప్రశ్న అడగాలి. అడగడానికి లేచి తడబడితే నవ్వు. ఇంగ్లీషు రాకపోవడాన్ని తెలివి లేకపోవడంగా లెక్కకట్టడం మన ఉన్నత విద్యలో చాలా మామూలైపోయింది. తెలుగులో మాట్లాడినా పేట యాస, తెలంగాణ యాస, కళింగాంధ్ర యాస వెక్కిరింతకు గురవుతాయి. దాంతో విద్యార్థి ప్రశ్నలు అడగడం మానేస్తాడు. హౌస్ చెప్పిన మూడో ఆసరా, సమాచారం, అక్కడ తెగిపోతుంది. ఏ పుస్తకం చదవాలి, ఏ ప్రొఫెసర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి, ఫెలోషిప్‌కు ఆఖరు తేదీ ఎప్పుడు అనేవన్నీ ఎక్కువగా మెస్ టేబుల్ దగ్గర, కాంటీన్ దగ్గర చేతులు మారే విషయాలు. ఆ టేబుల్ దగ్గర చోటు లేనివాడికి అవి ఆలస్యంగా తెలుస్తాయి, లేదా తెలియనే తెలియవు.

మూడోది తిండి. పెద్దకూర తినే ఇంటినుంచి వచ్చిన పిల్ల తన తిండి గురించి హాస్టల్లో ఎత్తలేదు. అమ్మ కట్టిచ్చిన ఎండుచేపల పచ్చడి సీసా మూత తీయాలంటే భయం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ పండుగ జరిపితే దాడులు జరిగాయి. తిండిని బయట పెట్టుకోవడం కూడా పోరాటమే అయిన చోట, ఇంటి జ్ఞాపకం ఓదార్పు కావడానికి బదులు దాచుకోవలసిన వస్తువు అవుతుంది.

నాలుగోది మదింపు, అంటే చేసిన పని ఎలా ఉందో చెప్పేవాళ్లు. 2006లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో వివక్షపై విచారణకు అప్పటి యు.జి.సి. ఛైర్మన్ సుఖ్‌దేవ్ థోరట్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 2007లో వచ్చిన దాని నివేదికలో, తమకు ఉపాధ్యాయుల నుంచి తగిన సహాయం అందడం లేదని చెప్పిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు 69 శాతం. బోధన సమయంలో ఏదో ఒక రకమైన వివక్ష ఉందన్నవాళ్లు 72 శాతం. వేధింపులు పడలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు కొన్ని హాస్టళ్లలో ఒకేచోటికి చేరిపోయిన సంగతి కూడా ఆ నివేదికలో ఉంది. బెర్రీ చెప్పిన నాలుగు దారుల్లో 'తమవాళ్లతోనే ఉండిపోవడం' అనేది ఒకటని పైన చూశాం. ఇక్కడ ఆ దారిని వాళ్లు ఎంచుకోలేదు. తరిమితే అక్కడ చేరారు.

ఈ ఒత్తిడి చదువును నేరుగా ఎలా దెబ్బతీస్తుందో చూపే ప్రయోగం ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 6, 7 తరగతులు చదివే 642 మంది మగపిల్లలకు దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చారు. వాళ్లలో సగం మంది అగ్రకులాలవాళ్లు, సగం మంది కింది కులాలవాళ్లు. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు రెండు గుంపుల పిల్లలూ దాదాపు ఒకేలా చేశారు. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివి వినిపించాక ఇచ్చిన బొమ్మల్లో కింది కులాల పిల్లలు వెనకబడ్డారు. ఈ ఫలితాలు 2004లో బయటికొచ్చాయి. అవే బొమ్మలు, అవే బుర్రలు. మధ్యలో మారింది కులం బయటకు రావడమొక్కటే. 'ప్రతిభ' గురించి మాట్లాడే ప్రతి అధ్యాపకుడూ తెలుసుకోవలసిన ప్రయోగం ఇది.

డబ్బు ఏ వైపు ప్రవహిస్తుంది?

ఆసరా గురించి మాట్లాడేటప్పుడు చదువుకున్న వర్గాలవాళ్లు ఒకటి మర్చిపోతారు. వాళ్ల ఇళ్లలో డబ్బు ఇంటినుంచి హాస్టల్‌కు వస్తుంది. మన ఇళ్లలో చాలాసార్లు హాస్టల్‌నుంచి ఇంటికి పోతుంది. పరిశోధక విద్యార్థికి వచ్చే ఫెలోషిప్‌లోంచి తమ్ముడి ఫీజు కట్టాలి, అమ్మ మందులు కొనాలి, చెల్లి పెళ్లికి చేసిన అప్పులో ఒక వాయిదా తీర్చాలి. కాబట్టి ఫెలోషిప్ ఒక నెల ఆగితే ఆగేది ఒక విద్యార్థి ఖర్చు కాదు, ఒక కుటుంబం బతుకు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేడు. చెబితే వాళ్లేం చేయగలరు? ఇంటితో ఫోన్‌లో రోజూ మాట్లాడుతూనే అసలు విషయం దాచే విద్యార్థులు ఎందరో. ఇక్కడ ఇల్లు ఆసరానూ, భారమూ రెండూ.

2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన సెంథిల్ కుమార్ తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి, పందుల పెంపకం వృత్తిగా ఉన్న కులం నుంచి భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. వరకూ వచ్చినవాడు. అతని ఫెలోషిప్ మీద ఇల్లు ఆధారపడి ఉంది. అతనికి గైడ్‌ను కేటాయించకపోవడం అప్పటి చర్చలో ప్రధానంగా ముందుకొచ్చిన విషయం. గైడ్ లేని పరిశోధక విద్యార్థి అంటే ఆ సంస్థలో అతని గురించి అడిగేవాడు ఒక్కడూ లేడని అర్థం. కాబ్ చెప్పిన మూడు నమ్మకాల్లో రెండోది, నాకు విలువ ఇచ్చేవాళ్లున్నారన్నది, సంస్థే తీసేసిందన్నమాట.

అదే యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. అంతకుముందే అతనితోపాటు ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్లనుంచి, ఉమ్మడి స్థలాలనుంచి బహిష్కరించారు. వాళ్లు బయట గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు, తనకు రావాల్సి ఉందని రోహిత్ తన చివరి ఉత్తరంలో రాశాడు. అందులోంచి ఒక స్నేహితుడికి దాదాపు 40 వేలు ఇవ్వాలనీ, అతను ఎన్నడూ తిరిగి అడగలేదనీ కూడా రాశాడు. ఉత్తరంలో ఈ భాగం గురించి తక్కువ మాట్లాడుకున్నాం. ఒక సంస్థ నెలలతరబడి ఇవ్వకుండా ఆపిన డబ్బును, అంతే పేదవాడైన ఇంకో విద్యార్థి చేబదులుగా భరించాడు. సామాజిక ఆసరా అనేది మన క్యాంపస్‌లలో నిజంగా ఎలా నడుస్తోందో ఆ రెండు వాక్యాలు చెబుతాయి. దాని గొప్పతనమూ, దాని పరిమితీ రెండూ అందులోనే ఉన్నాయి.

హాస్టల్ కట్టుకున్న కులాలు

చదువుకోసం పట్నం వచ్చే పిల్లలకు ఆసరా కావాలన్న సంగతి ఆధిపత్య కులాలకు మనకంటే ముందే తెలుసు. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. పల్లెనుంచి వచ్చిన పిల్లవాడికి గది, భోజనం, గ్రంథాలయం, అడ్మిషన్ ఎక్కడ దొరుకుతుందో చెప్పే పెద్దమనుషులు, అన్నీ అక్కడ ఉండేవి. ఇలా చాలా కులాలు పట్టణాల్లో తమ హాస్టళ్లు కట్టుకున్నాయి. హాస్టల్ లేనిచోట మేనమామ ఇల్లో, పెదనాన్న ఇల్లో ఉండేది. వాళ్ల పిల్లలకు అప్పుడు 'సర్దుబాటు సమస్య' ఉందని ఎవరూ అనలేదు. ఎందుకంటే సమస్య పుట్టకముందే కులమే దాన్ని చూసుకుంది. ఆ ఆసరా కనిపించకుండా పనిచేసింది కాబట్టి ఆ పిల్లల విజయం 'ప్రతిభ' కిందికి పోయింది.

అణగారిన కులాలు ఈ పాఠం గ్రహించకపోలేదు. కొల్హాపూర్‌లో సాహూ మహారాజ్ కులాలవారీగా విద్యార్థి వసతి గృహాలను ప్రోత్సహించి, 1908లో అస్పృశ్య విద్యార్థులకోసం మిస్ క్లార్క్ పేరుతో ఒకటి ఏర్పాటు చేయించాడు. అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించాక చేపట్టిన తొలి పనుల్లో ఒకటి 1925లో సోలాపూర్‌లో హాస్టల్ తెరవడం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్నకాలంలో, మొదలైంది. బడి, హాస్టల్, స్కాలర్‌షిప్ ఈ మూడూ ఒకదానికొకటి కట్టి ఉన్నవని ఆయన తన అనుభవంతోనే గ్రహించాడు.

మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్లు ఆ దారిలో వచ్చినవే. నీళ్ల పప్పు, పగిలిన కిటికీలు, ఒకే గదిలో ముప్ఫైమంది, వార్డెన్ల తిట్లు, ఇవన్నీ నిజం. అయినా వేలమంది మొదటితరం దళిత ఉద్యోగులు, కవులు, కార్యకర్తలు ఆ హాస్టళ్లలోంచే వచ్చారు. ఎందుకని? అక్కడ కులం దాచుకోనక్కరలేదు. పక్కవాడి ఇల్లూ నీ ఇల్లులాంటిదే. సీనియర్ 'అన్న' తన పాత పుస్తకాలు ఇస్తాడు, దరఖాస్తు నింపిపెడతాడు. సౌకర్యాలు లేకపోయినా కాబ్ చెప్పిన మూడు నమ్మకాలూ అక్కడ కొంతవరకు దొరికాయి. అదే విద్యార్థి పెద్ద యూనివర్సిటీలో మంచి గది, మంచి భోజనం ఉన్న హాస్టల్లో చేరాక కుంగిపోతే, పోయింది ఏమిటో మనకు అర్థమవుతుంది.

క్యాంపస్‌లో మనవాళ్ల సంఘాలు

కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండల తర్వాత, మండల్ (1990) గొడవల తర్వాత దళిత విద్యార్థులు క్యాంపస్‌లలో విడిగా సంఘాలు పెట్టుకున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో ఏర్పడింది. ఈ సంఘాలను బయటివాళ్లు రాజకీయ సంఘాలుగానే చూస్తారు. అవి చేసే రోజువారీ పని వాళ్లకు కనిపించదు. అడ్మిషన్ రోజుల్లో బల్ల వేసుకుని కూర్చుని ఫారాలు నింపిపెట్టడం, హాస్టల్ సీటు రాని జూనియర్‌ను గదిలో పెట్టుకోవడం, మెస్ కార్డు లేనివాడికి ఒక ప్లేటులో ఇద్దరు తినడం, పరీక్షలముందు పాత ప్రశ్నపత్రాలు పంచడం, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోవడం. హౌస్ చెప్పిన నాలుగు రకాల ఆసరాలూ ఇందులో ఉన్నాయి. అదనంగా ఇంకొకటి కూడా ఉంది. నీకు జరిగింది నీ ఒక్కడి ఖర్మ కాదు, దానికో చరిత్ర ఉంది, దానికో పేరుంది అని చెప్పడం. తన బాధకు కారణం తన తెలివితక్కువతనమే అనుకునే పిల్లవాడికి అంబేద్కర్‌ను చదివించడం కూడా ఆసరానే. ఆ ముక్క పాఠ్యగ్రంథాల్లో లేదు, మన అనుభవంలో ఉంది.

అయితే మన సంఘాల లోపాలు కూడా చెప్పుకోవాలి. ఒకటి, ఇవి ఎక్కువగా మగపిల్లల సంఘాలుగానే నడుస్తున్నాయి. రాత్రి పదిగంటలకు మగపిల్లల హాస్టల్ గదిలో జరిగే మీటింగుకు అమ్మాయి రాలేదు. గేటు మూసేస్తారు. కులం వల్ల, ఆడపిల్ల కావడం వల్ల రెండువైపులా వచ్చే ఒత్తిడి చెప్పుకోవడానికి ఆమెకు చోటు లేకుండా పోతోంది. రెండు, 1994లో మాదిగ దండోరా లేవనెత్తిన ప్రశ్న హాస్టల్ గదుల్లోకి కూడా వచ్చింది. మాల మాదిగ విద్యార్థులు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే చోట ఆసరా రెండు ముక్కలవుతుంది. రెల్లి, డక్కలి వంటి చిన్న కులాలనుంచి వచ్చిన ఒక్కగానొక్క విద్యార్థి ఏ ముక్కలోనూ ఉండడు. మూడు, సంఘాలు సామాజిక శాస్త్రాల విభాగాల్లో బలంగా ఉంటాయి. ల్యాబుల్లో పొద్దస్తమానం ఉండే సైన్సు విద్యార్థి, ఇంజనీరింగు, మెడికల్ విద్యార్థి వాటికి దూరంగా ఉండిపోతారు. సెంథిల్ చదివింది భౌతికశాస్త్రమని మర్చిపోకూడదు. నాలుగు, బయటపడితే కులం తెలిసిపోతుందని సంఘం దగ్గరికే రాని విద్యార్థులున్నారు. వాళ్లను పిరికివాళ్లని తిట్టడం తేలిక. కులం దాచుకుని బతికే మనిషి అందరికంటే ఎక్కువ ఒంటరి. అతనికి తలుపు తెరిచి ఉంచడం మన బాధ్యత.

సముద్రం దాటినా

ఇప్పుడు మన పిల్లలు కొందరు అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు కూడా వెళ్తున్నారు. అక్కడ మామూలు తెలుగు విద్యార్థికి కల్చర్ షాక్ తగ్గించేది తోటి తెలుగువాళ్లే. ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్లేది, గది చూపించేది, పార్ట్‌టైమ్ పని చెప్పేది వాళ్లే. దళిత విద్యార్థికి ఆ ఆసరా "మీరేమిట్లు?" అన్న ప్రశ్నతో కలిసి వస్తుంది. తెల్లవాళ్ల మధ్య లేని భయం తెలుగువాళ్ల గదిలో ఉంటుంది. 1917 బరోడా కథే కాస్త మారి అక్కడ నడుస్తోంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చడం, 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించడం ఊరికే జరగలేదు.

కౌన్సెలింగ్ చాలుతుందా?

ఒక విద్యార్థి చనిపోయిన ప్రతిసారీ సంస్థలు చెప్పే మొదటి మాట కౌన్సెలింగ్. మేము కౌన్సెలింగ్‌కు వ్యతిరేకం కాదు. మనసు కుంగినప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లడం జ్వరానికి వెళ్లినంత మామూలు విషయం కావాలి. మన పేటల్లో దీన్ని సిగ్గుగా చూసే అలవాటు పోవాలి. కానీ ఫెలోషిప్ ఆగినందువల్ల నిద్రపట్టనివాడికి కావలసిన మొదటి మందు ఫెలోషిప్. గైడ్ లేనివాడికి గైడ్. అవమానించిన అధ్యాపకుడి చేతిలోనే మార్కులున్న విద్యార్థికి కావలసింది ఆ చేతినుంచి రక్షణ. సంస్థ చేసిన గాయాన్ని విద్యార్థి మనసులో రోగంగా రాసుకుంటే, కౌన్సెలింగ్ కూడా "చదవలేక" అన్న మాటకు ఇంకో పేరే అవుతుంది.

ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వంకోసం యు.జి.సి. 2012లో నిబంధనలు తెచ్చింది. సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని అందులో ఉంది. అవి కాగితంమీదే మిగిలాయంటూ రోహిత్ వేముల తల్లి, ముంబైలో చనిపోయిన ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి తల్లి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 మార్చిలో అదే కోర్టు విద్యార్థుల ఆత్మహత్యలపై జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కోర్టుమెట్లెక్కితే తప్ప ఈ చర్చ కదలలేదన్నది మనం గుర్తుంచుకోవాలి.

మనం చేయగలిగినవి

చట్టాలకోసం పోరాడుతూనే రేపటినుంచే చేయగలిగిన పనులున్నాయి.

ఉపాధ్యాయులు చేయాల్సినవి: క్లాసులో కులం, ర్యాంకు, స్కాలర్‌షిప్ జాబితా పేరుపెట్టి చదవకూడదు. ఆ చిక్కుబొమ్మల ప్రయోగం చెప్పింది ఇదే. ఇంగ్లీషు తడబాటును విషయం తెలియకపోవడంగా లెక్కపెట్టకూడదు. ప్రాజెక్టు గ్రూపుల్ని విద్యార్థులకు వదిలేయకుండా తామే వేయాలి. వరసగా క్లాసుకు రాని విద్యార్థి ఉంటే హాజరు కొట్టేసి ఊరుకోకుండా ఎందుకు రావడం లేదో అడగాలి. ఆ ఒక్క ప్రశ్న కొన్నిసార్లు చదువు నిలబెడుతుంది.

విద్యార్థి సంఘాలు చేయాల్సినవి: మొదటి ఆరువారాలు కీలకం. అడ్మిషన్ బల్లతో పని అయిపోయిందనుకోకుండా ప్రతి కొత్త విద్యార్థికీ ఒక సీనియర్‌ను, వీలైతే అదే డిపార్ట్‌మెంటు నుంచి, జతచేయాలి. అమ్మాయిలకు అక్కలు ఉండాలి. మీటింగులు పగటిపూట పెట్టాలి. ఫెలోషిప్ ఆగినవాళ్లకు చేబదులు ఇచ్చే ఉమ్మడి నిధి ఒకటి ఉండాలి. ఒక పేద స్నేహితుడి జేబుమీద ఆ భారం మొత్తం పడకూడదు. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు నెలకు కొంత వేస్తే ఇది సాధ్యమే. రెడ్డి హాస్టల్‌ను నిలబెట్టింది కూడా విరాళాలే.

కార్యకర్తలు, ఊళ్లోని చదువుకున్నవాళ్లు చేయాల్సినవి: చదువు ఆపేసి వచ్చిన పిల్లల ఇళ్లకు వెళ్లండి. ఏ నెలలో ఆపాడు, ఆ నెలలో స్కాలర్‌షిప్ వచ్చిందా, హాస్టల్‌లో ఎవరితో ఉన్నాడు, ఎవరేమన్నారు అని నిదానంగా అడిగి రాసుకోండి. తిట్టకుండా అడగండి. ఆ కాగితాలే రేపు కమిటీలముందు సాక్ష్యం. వాళ్లలో చాలామంది మళ్లీ చదువుకు వెళ్లగలరు. ఫీజు బకాయి తీర్చడం, సర్టిఫికెట్లు విడిపించడం, మళ్లీ దరఖాస్తు పెట్టించడం మన చేతిలో ఉన్న పనులు.

"చదవలేక వచ్చేశాడు" అని ఈసారి ఎవరైనా అంటే, చదవనివ్వకుండా చేసింది ఏమిటని మనం తిరిగి అడగాలి. ఆ ప్రశ్నకు ఒక్కొక్క విద్యార్థి పేరుతో, ఒక్కొక్క నెల లెక్కతో జవాబు తయారుచేయడం మొదలుపెడితే, 'ప్రతిభ' అనే మాట వెనక దాక్కున్న ఆసరా ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో లెక్క తేలుతుంది.